కుటుంబ పత్రాలు నాలుగో తరానికి చేరాలంటే: ఇల్లా, ట్రస్టా, ఆర్కైవా?

పేరున్న కుటుంబంలో ఒక పెద్ద కన్నుమూసినప్పుడు ఇల్లు ఎవరికి, భూమి ఎవరికి, నగలు ఎవరికి అన్న లెక్క ఏదో ఒకనాటికి తేలుతుంది గాని, ఆ మనిషి బీరువాలో మిగిలిన ఉత్తరాలూ దినచర్యలూ ప్రసంగాల చిత్తుప్రతులూ ఎవరివన్న ప్రశ్న చాలా ఇళ్ళలో తలెత్తనే తలెత్తదు. వీలునామాలో అవి ‘తదితర చరాస్తి’ అన్న మాటలో కలిసిపోతాయి. మొదటి తరం రాస్తుంది, రెండో తరం భక్తితో దాస్తుంది, మూడో తరం వాటిని అటక మీద బరువుగా చూస్తుంది.

అలాంటి కాగితాలను ఇంట్లోనే ఉంచుకోవచ్చు, కుటుంబ ట్రస్టుకు అప్పగించవచ్చు, పాత పత్రాలను భద్రపరిచే సంస్థ అయిన ఆర్కైవ్‌కు దానం చేయవచ్చు, డిపాజిట్‌గా పెట్టవచ్చు, అమ్మవచ్చు. వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను ఒకే ప్రశ్నను కొలబద్దగా పెట్టుకుంటాను: ఇవాళ వీటిని చూసుకుంటున్న మనిషి లేని రోజున, వీటి విషయంలో ‘సరే’ అనడానికీ ‘వద్దు’ అనడానికీ అధికారం ఎవరికి ఉంటుంది? దీనికి కచ్చితంగా జవాబు చెప్పగలిగిన ఏర్పాటు నిలుస్తుంది. ‘మావాళ్ళు ఎవరో ఒకరు చూసుకుంటారులే’ అనిపించే ఏర్పాటు ఎంత ఖరీదైన పెట్టెల్లో ఉన్నా నిలవదు.

ముందుగా, ఏది మీది?

ఎంపికకు దిగేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, పదవిలో ఉన్నవారి కాగితాల్లో ప్రభుత్వానివి ఎన్ని, సొంతవి ఎన్ని అన్నది. ఈ గీత దేశాన్ని బట్టీ కాలాన్ని బట్టీ మారుతుంది. అమెరికాలో అధ్యక్షుడి కాగితాలు చాలాకాలం ఆయన సొంత ఆస్తిగానే చెల్లాయి. 1978లో వచ్చిన చట్టం తరువాతి అధ్యక్షుల అధికారిక పత్రాలను దేశానివిగా చేసింది. కార్యాలయపు ఫైళ్ళు ఇంటి పెట్టెల్లో కలిసి ఉంటే, వాటిని దానం చేసే హక్కుగాని అమ్మే హక్కుగాని కుటుంబానికి ఉండకపోవచ్చు.

రెండోది కాపీరైటు. ఉత్తరం అందుకున్నవారికి కాగితం మీద హక్కు ఉంటుంది, అందులోని మాటల మీద హక్కు మాత్రం రాసినవారిదే. అమెరికన్ రచయిత శాలింజర్ రాసిన ఉత్తరాలను అందుకున్నవారు గ్రంథాలయాలకు ఇచ్చేశారు. అయినా వాటిలోని మాటలను జీవితచరిత్రకారుడు వాడుకోకుండా 1987లో అప్పీలు కోర్టు అడ్డుకుంది. కనుక మీ తాతగారికి వచ్చిన ఉత్తరాలు మీ చేతిలో ఉన్నా వాటిని అచ్చు వేయడం మీ ఇష్టం కాదు, ఆయన రాసిన ఉత్తరాలు ఎవరి ఇంట్లో ఉన్నా వాటి కాపీరైటు మీ కుటుంబానిదే కావచ్చు. ఈ హక్కు చాలా దేశాల్లో రచయిత మరణం తరువాత 50 నుంచి 70 ఏళ్ళ దాకా నడుస్తుంది. అంటే ఇంచుమించు రెండు తరాలు. ఆ హక్కు వారసుల్లో ఎవరిదో రాసి పెట్టుకోని కుటుంబాలకు, ముప్ఫై ఏళ్ళ తరువాత ఒక సంకలనం వేయాలంటే ఇరవైమంది సంతకాలు కావలసివస్తుంది.

ఇంట్లో ఉంచుకోవడం

ఇంట్లో ఉంచుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు, కావలసినప్పుడు తీసి చదువుకోవచ్చు, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది. చిన్న సేకరణకు, అంటే నాలుగైదు పెట్టెలకు మించని వాటికి, ఇది మంచి ఏర్పాటే. కాగితాన్ని కాపాడటం అనుకున్నంత కష్టం కాదు. వేడి, తేమ, వెలుతురు, పురుగు అనే నాలుగింటి నుంచి దాన్ని దూరంగా ఉంచాలి. 20 డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రత, 35 నుంచి 50 శాతం మధ్య తేమ మంచివని ఆర్కైవ్‌లవారు చెబుతారు. వాటిని అందుకోలేకపోయినా, హెచ్చుతగ్గులు తక్కువగా ఉండే లోపలి గది ఒకటి ఎంచుకోగలిగితే సగం పని అయినట్టే. అటక, నేలమాళిగ, స్నానాలగదికి ఆనుకున్న గోడ, ఈ మూడూ పనికిరావు.

అయితే ఇంట్లో కాగితాలకు ఎక్కువ హాని చేసేది వాటి మీద ప్రేమే. చిరిగిన ఉత్తరానికి వేసిన అంటుకునే టేపు పదేళ్ళలో పసుపు మరకగా దిగిపోతుంది. పదిలంగా ఉంటుందని చేయించిన లామినేషన్‌ను విడదీయడం దాదాపు అసాధ్యం, పైగా లోపల చిక్కుకున్న ఆమ్లం కాగితాన్ని తింటూనే ఉంటుంది. మెత్తని పీవీసీ కవర్లు కొంతకాలానికి రసాయనాలు వదిలి అక్షరాలను తమకు అంటించుకుంటాయి. ప్లాస్టిక్ తప్పనిసరైతే పాలియెస్టర్ కవర్లే వాడాలి. గుండుసూదులూ జెమ్ క్లిప్పులూ తుప్పు పడతాయి, రబ్బరు బ్యాండ్లు కరిగి అతుక్కుంటాయి. మాచికాయ, ఇనుప లవణాలతో చేసిన పాత సిరా తేమ తగిలితే రాత ఉన్నచోటనే కాగితాన్ని కొరికేస్తుంది గనుక అలాంటి పుటలను తడిగుడ్డతో తుడవడం వంటి సాహసాలు చేయకూడదు. ఆమ్లరహితమైన ఫోల్డర్లు, గట్టి అట్టపెట్టెలు, నేలకు జానెడు ఎత్తున ఉన్న ఇనుప అర ఉంటే చాలు. పాత పత్రికల కత్తిరింపులను మాత్రం ఉత్తరాలతో కలిపి పెట్టకండి; న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం పక్క కాగితానికి పాకి, కత్తిరింపు ఆకారంలోనే మరక వేస్తుంది.

ఇంటి ఏర్పాటుకు అసలు బలహీనత మనుషుల దగ్గర ఉంది. స్కాట్లాండుకు చెందిన రచయిత జేమ్స్ బోస్వెల్ 1795లో చనిపోయాక, ఆయన మొహమాటం లేకుండా రాసుకున్న దినచర్యలు వారసులకు తలవంపులుగా తోచాయి. అవి నశించిపోయాయనే లోకం నమ్మింది. తీరా 1920లలో ఐర్లండులోని మాలహైడ్ కోటలో అవి బయటపడ్డాయి, 1930లో స్కాట్లాండులో, ఆయన వీలునామా అమలు బాధ్యత చూసిన మిత్రుడి వారసుల ఇంట్లో, ఇంకొన్ని దొరికాయి, ఒక సేకరణకర్త వాటన్నిటినీ ఏళ్ళ తరబడి కొనిపోగుచేశాక 1949లో యేల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఇటలీలోని ప్రాతో పట్టణపు వర్తకుడు దాతీనీ 1410లో చనిపోతూ వదిలిన సుమారు 1,50,000 ఉత్తరాలు 1870లో ఆయన ఇంటి మెట్లకింద దొరికాయి. ఈ రెండు కథలూ వింటే ఇంట్లో పెట్టినా ఏమీ కాదన్న ధీమా కలగవచ్చు. కాని దొరకనివాటి కథలు మనదాకా రావు కదా.

దొరకనివి ఎలా పోతాయో చెప్పేవి కొన్ని ఉన్నాయి. జార్జ్ వాషింగ్టన్ పోయాక ఆయన భార్య మార్తా తామిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలను తగలబెట్టింది, మిగిలినవి వేళ్ళమీద లెక్కించదగ్గన్ని. ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ ఉత్తరాల్లో చాలావాటిని ఆమె అక్క కసాండ్రా 1840లలో కాల్చివేసింది. వీరిద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు. ఇంట్లో ఉన్న కాగితానికి ఒక్క మనిషి నిర్ణయమే చట్టం, అంతే.

పంచుకోవడం గురించి రెండు మాటలు

పెద్దన్నయ్యకు ఉత్తరాలు, చెల్లెలికి ఫొటోలు, తమ్ముడికి దినచర్యలు అని పంచుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఒక ఉత్తరానికి అర్థం దాని జవాబులో ఉంటుంది, ఫొటోలోని మనిషి పేరు అదేనాటి దినచర్యలో ఉంటుంది. పంచుకోవాలనే ఉంటే నకళ్ళు పంచుకోండి, అసళ్ళు ఒక్కచోటే ఉండనివ్వండి. అసళ్ళు ఉన్న వరస కూడా చెరపకూడదు. తాతగారు కట్ట కట్టిన ఉత్తరాలను విడదీసి తేదీల వారీగా పేర్చే ఉత్సాహం చాలామందికి వస్తుంది గాని, ఏది దేనితో కలిపి కట్టారన్నదే ఒక సమాచారం.

కుటుంబ ట్రస్టు

దీనికి నాకు తెలిసినంతలో ఆడమ్స్ కుటుంబాన్ని మించిన ఉదాహరణ లేదు. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, ఆయన భార్య అబిగైల్, వారి కుమారుడైన ఆరో అధ్యక్షుడు జాన్ క్విన్సీ, మనుమడైన రాయబారి చార్లెస్ ఫ్రాన్సిస్, ఆ తరువాతి తరంలో చరిత్రకారుడు హెన్రీ, అందరూ విడవకుండా రాసినవారే. జాన్, అబిగైల్ దంపతుల మధ్యే 1,100కు పైగా ఉత్తరాలు మిగిలాయి. జాన్ క్విన్సీ దినచర్య ఒక్కటే 51 సంపుటాలు. 1848లో పోయిన జాన్ క్విన్సీ తన పుస్తకాలకూ కాగితాలకూ నిప్పంటని కట్టడం ఒకటి కావాలని వీలునామాలో కోరితే, కొడుకు 1870 నాటికి ఇంటి పక్కనే రాతితో గ్రంథాలయం కట్టించాడు. 1902లో కాగితాలు బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ భవనానికి చేరాయి, యాజమాన్యం మాత్రం కుటుంబం దగ్గరే ఉంది. 1905లో యాభై ఏళ్ళ గడువుతో ఒక ట్రస్టు పెట్టి హక్కునంతా దానికి అప్పగించారు. గడువు తీరాక 1956లో మొత్తం సేకరణను సొసైటీకే దానంగా ఇచ్చివేశారు. ఈలోగా 1954లో మొదలైన మైక్రోఫిల్మ్ పని, అంటే పుటలను బాగా చిన్నవిగా ఫిల్ము మీదికి ఫొటో తీసే పని, 1959కి 608 రీళ్ళతో ముగిసింది, 1961 నుంచి అచ్చు సంపుటాలు రావడం మొదలైంది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ యాభై ఏళ్ళ గడువు. ట్రస్టు పెట్టేటప్పుడే దాని ముగింపును ఊహించినవారు తక్కువ. గడువులేని కుటుంబ ట్రస్టులు సాధారణంగా ఇలా నడుస్తాయి: మొదటి ట్రస్టీలు శ్రద్ధగా ఉంటారు, రెండో వరస సమావేశాలకు రాదు, మూడో వరసలో ఎవరు ట్రస్టీలో తేల్చడానికే వకీలు కావాలి. కాగితాలను చూపించమని ఎవరైనా పరిశోధకుడు అడిగితే, కాదన్నందుకు ఎవరూ తప్పుపట్టరు గాని అవునంటే బంధువులు నిలదీస్తారు గనుక, కాదనడమే అలవాటవుతుంది. కనుక ట్రస్టును ఎంచుకునేవారు పత్రంలో మూడు సంగతులు రాయించాలి: ముగింపు తేదీ, ఆనాడు కాగితాలు చేరవలసిన సంస్థ పేరు, కుటుంబం వెలుపలి ట్రస్టీ కనీసం ఒకరు. వీటితోపాటు నిర్వహణకు రాబడి ఎక్కడినుంచి వస్తుందో చూపలేకపోతే ట్రస్టు పెట్టడంలో అర్థం లేదు. నాలుగు పెట్టెల కోసం ఏటేటా లెక్కలు దాఖలు చేస్తూ ఉండటం ఎవరికీ సంతోషాన్నివ్వదు.

ఆర్కైవ్‌కు ఇవ్వడం: దానం, డిపాజిట్, అమ్మకం

ఈ మూడూ బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి, మూడింటిలోనూ పెట్టెలు ఒక లారీ ఎక్కి వెళ్ళిపోతాయి. కాగితం మీద మాత్రం తేడా చాలా ఉంది.

డిపాజిట్ అంటే వస్తువు మీదే, కాపలా వారిది. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్న ధైర్యం కుటుంబానికి ఉంటుంది. సరిగ్గా ఆ కారణానికే సంస్థ ఆ పెట్టెల మీద డబ్బూ సమయమూ ఖర్చుపెట్టడానికి వెనకాడుతుంది. రేపు వెళ్ళిపోయే సేకరణకు పట్టిక తయారుచేయడం, మరమ్మతులు చేయడం వారికి గిట్టుబాటు కాదు. తరం మారాక డిపాజిట్ ఒప్పందం ఎవరి పేరున ఉందో తెలియక రెండు పక్షాలూ ఇబ్బంది పడటం కూడా ఉంది. ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలనుకునేవారికి అయిదేళ్ళో పదేళ్ళో డిపాజిట్ పెట్టడం మంచిదే. శాశ్వత ఏర్పాటుగా దాన్ని నేను సిఫారసు చేయను.

దానంలో యాజమాన్యం సంస్థకు వెళుతుంది. ‘ఇచ్చేస్తే ఇక మన చేతిలో ఏముంటుంది’ అని జంకేవారు అబ్రహాం లింకన్ కాగితాల సంగతి చూడాలి. ఆయన కుమారుడు రాబర్ట్ 1919లో వాటిని అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేర్చి, 1923లో దానపత్రం రాశాడు. షరతు ఒక్కటే: తాను పోయిన 21 ఏళ్ళదాకా వాటిని ఎవరికీ చూపరాదు. ఆయన 1926 జులై 26న పోయాడు, 1947 జులై 26న పెట్టెలు తెరిచారు. కాగితాలు పదిలంగా ఉన్నాయి, బతికి ఉన్నవారి పరువూ పదిలంగా ఉంది. దాచవలసినది ఉన్న ప్రతి కుటుంబానికీ నేను చెప్పేది ఇదే: కాల్చే బదులు సీలు వేయించండి. సీలుకు తేదీ ఉండాలి. ‘కుటుంబం అనుమతించేదాకా’ అని రాస్తే అనుమతించవలసిన మనిషి ఎవరో యాభై ఏళ్ళ తరువాత ఎవరికీ తెలియదు. వైద్యానికి సంబంధించినవీ, ఇంట్లో పనిచేసినవారి ప్రస్తావనలున్నవీ, జవాబు చెప్పుకునే అవకాశం లేని మూడో మనిషిని గురించినవీ విడిగా తీసి వాటికి మాత్రమే ఎక్కువ గడువు పెట్టమంటే, మిగిలినవాటిని వెంటనే తెరవడానికి సంస్థ కూడా సంతోషిస్తుంది.

దానపత్రంలో మామూలుగా మరిచిపోయే అంశాలు కొన్ని ఉన్నాయి. కాపీరైటు కూడా ఇస్తున్నారా, కాగితాలను మాత్రమే ఇస్తున్నారా అన్నది స్పష్టంగా ఉండాలి. తమకు అక్కర్లేదని సంస్థ తీసి పక్కన పెట్టేవాటిని పారేస్తారా, మీకు తిరిగి ఇస్తారా అన్నది రాయించాలి. వంట లెక్కల పుస్తకం వారికి అనవసరం అనిపించవచ్చు, మీకు అందులోనే మీ నాయనమ్మ చేతిరాత ఉండవచ్చు. కుటుంబానికి స్కాన్ నకలు ఉచితంగా వస్తుందా, ముందుముందు దొరికే పెట్టెలు ఇదే షరతుల కింద చేరతాయా, సంస్థ మూతపడితే సేకరణ ఎటు వెళుతుంది అన్నవి కూడా. సంతకం పెట్టేముందు వారి సందర్శకుల హాలును కాకుండా సరుకు ఉంచే గదిని చూపించమనండి. పదేళ్ళ కిందట అందుకున్న మరో కుటుంబం కాగితాలకు పట్టిక తయారైందా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా హామీలన్నిటికంటే విలువైనది.

అమ్మకం తప్పు కాదు. చర్చిల్ 1945కు ముందటి కాగితాలను 1995లో బ్రిటన్‌లో లాటరీ నిధుల నుంచి 1.25 కోట్ల పౌండ్లు ఇచ్చి దేశం కోసం కొన్నారు. అవి కేంబ్రిడ్జ్‌లోని చర్చిల్ కళాశాల ఆర్కైవ్‌లో ఉన్నాయి. 1945 తరువాతి కాగితాలను ఆయన భార్య అంతకు ముందే, 1969లో, అదే కళాశాలకు దానంగా ఇచ్చింది. ప్రజల సొమ్ముతో కొనవలసిన అవసరమేమిటనీ, అందులో ప్రభుత్వ పత్రాలు లేవా అనీ విమర్శలు గట్టిగానే వచ్చాయి. అయినా సేకరణ ఒక్కచోట నిలిచింది. వేలంలో ఒక్కో ఉత్తరంగా అమ్మితే ఆ భాగ్యం ఉండదు. సంతకం బాగున్న పది ఉత్తరాలు పదిమంది గోడలకెక్కుతాయి, మిగిలిన వెయ్యి విలువ లేనివై మూల పడతాయి. డబ్బు అవసరమైతే మొత్తాన్ని ఒకే సంస్థకు అమ్మండి, తక్కువ వచ్చినా సరే.

స్కాన్ చేస్తే సరిపోదా?

ఈ తరంవారు ముందుగా అడిగేది ఇదే. స్కానింగ్ చదువుకోవడానికి వీలిచ్చే నకలును తయారుచేస్తుంది, పై ఏర్పాట్లలో ఏదో ఒకటి మాత్రం దానితోపాటు ఉండాల్సిందే. లెక్క చూడండి: ఏ4 కాగితాన్ని అంగుళానికి 400 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేసి, కుదించని టిఫ్ ఫైలుగా ఉంచితే ఒక పుటకు దాదాపు 46 మెగాబైట్లు. పదివేల పుటలకు 460 గిగాబైట్లు. అది ఇవాళ ఒక చిన్న డిస్కులో పడుతుంది. కష్టమంతా ఆ డిస్కును అయిదారేళ్ళకొకసారి మార్చే మనిషిని తరతరాలా వెతుక్కోవడంలో ఉంది. కాగితం నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోకపోయినా చాలావరకు బతుకుతుంది, హార్డ్ డిస్కు బతకదు. క్లౌడ్ ఖాతాకు చందా కట్టే కార్డు యజమానితోపాటే ఆగిపోతుంది. మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్ళో అన్నది పాత సూత్రమే గాని ఇప్పటికీ మేలైనది. ఫైలు చెడిందో లేదో చెప్పే చెక్‌సమ్‌లను కూడా ఉంచుకుని ఏటా ఒకసారి సరిచూడాలి. చాలా విలువైన కొద్ది పుటలకు మైక్రోఫిల్మ్ ఇంకా మంచి ఎంపిక. పాలియెస్టర్ ఆధారంగా చేసిన వెండి ఫిల్మును సరైన పరిస్థితుల్లో ఉంచితే 500 ఏళ్ళ ఆయువుంటుందని ప్రమాణాలు చెబుతాయి, చదవడానికి భూతద్దమూ వెలుతురూ చాలు.

అసలు కాగితమే లేకుండా పుట్టినవాటి సంగతి వేరు. ఇప్పటి తరం ఉత్తరాలు ఈమెయిల్లో, వాట్సాప్‌లో, ఫోను గ్యాలరీలో ఉన్నాయి. వాటికి అటకలూ మెట్లకింది గదులూ లేవు, పాస్‌వర్డు పోతే పోయినట్టే. కాబట్టి బతికి ఉన్న పెద్దల ఖాతాలనుంచి ఏడాదికొకసారి నకలు దించి, కాగితాలు ఎక్కడ ఉంటే అక్కడికే చేర్చే అలవాటు పెట్టుకోవాలి.

మీకు ఏది?

సేకరణ చిన్నది, కుటుంబం ఒక్కమాట మీద ఉంది, బయటివారికి ఆసక్తి తక్కువ అనుకుంటే ఇంట్లో ఉంచుకోండి; వారసుడెవరో వీలునామాలో పేరు రాయండి. బంధువుల మధ్య తగాదా ఉంటే అసళ్ళను వీలైనంత త్వరగా ఇల్లు దాటించండి, కనీసం డిపాజిట్‌గానైనా. తగాదా తీరాక ఇద్దామనుకున్న కాగితాలు తగాదాతోపాటే చిరుగుతాయి. రాబడి, క్రమశిక్షణ, ప్రచురణ సంకల్పం మూడూ ఉన్న కుటుంబానికి గడువున్న ట్రస్టు. తక్కిన అందరికీ, అంటే ఇది చదువుతున్నవారిలో ఎక్కువమందికి, గడువుతో కూడిన సీళ్ళు వేసి ఒకే ఆర్కైవ్‌కు దానం చేయమంటాను. పెద్ద జాతీయ సంస్థా, చిన్న ప్రాంతీయ సంస్థా అన్న సందేహం వస్తే, మీ కాగితాల్లోని మనుషులను గురించి చదివేవారు ఎక్కడ ఉన్నారో అక్కడికే పంపండి. వెయ్యో సేకరణగా పెద్దచోట పడి ఉండటం కన్నా పదో సేకరణగా చిన్నచోట ఉండటం చాలాసార్లు మేలు, గది పొడిగా ఉంటే.

వీటిలో ఏది ఎంచుకున్నా ఒక పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో అందరికన్నా పెద్దవారిని కూర్చోబెట్టి ఫొటోలు ఒక్కొక్కటే చూపండి. వారు చెప్పే పేర్లను మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా, ఫొటో వెనక అంచున రాయండి. ఉత్తరాల్లో ముద్దుపేర్లతో ఉన్నవారు ఎవరెవరో అడిగి, వారి మాటను ఫోనులో రికార్డు చేయండి. ఆ పేర్ల పట్టికను కాగితం మీద రెండు ప్రతులు తీసి ఒకటి మొదటి పెట్టెలో అన్నిటికన్నా పైన, ఒకటి వీలునామాతో పాటు పెట్టండి.